పోతన్న పేరున పడిన కోత

అనకాపల్లి చుట్టూ చెరకు పండే ఊళ్ళలో బెల్లం వండేవాడికి ఉన్న మర్యాద ఒకప్పుడు మునసబుకి కూడా ఉండేది కాదు. రైతు ఏడాది కష్టమంతా అతని చేతిలో ఉంటుంది. పాకం ముందు దింపితే దిమ్మ కట్టదు. ఆలస్యంగా దింపితే నల్లబడుతుంది. నల్లబడ్డ దిమ్మని చూస్తే మార్కెట్ యార్డులో షావుకారు ముక్కు తిప్పుకుని పక్క కుప్ప దగ్గరికి పోతాడు. శారదా నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అలాంటి వంటగాడు పోతన్న. మరుగుతున్న పాకంలోంచి చుక్క తీసి, వేళ్ళ మధ్య సాగదీసి చూసేవాడు. ఇరవై ఏళ్ళు ఆ పని చేసేసరికి వేళ్ళ కొసలు గాజు గోళీల్లా నున్నబడిపోయాయి. రేషను దుకాణంలో ఆయన వేలు పెడితే యంత్రం గుడ్లు తేలేసేది. ఒకసారి ఆయన వేలు చూసిన దిగులుతో పక్క ఊరి యంత్రం కూడా మంచం పట్టిందని ఊళ్ళో చెప్పుకుంటారు.

పాకం వచ్చాక పెనాన్ని పొయ్యి మీంచి దించి తొట్టిలోకి ఒంపాలి. మిగతా ఊళ్ళలో దానికి నలుగురు కావాలి. ఆ ఊళ్ళో ఇద్దరే దించేవారు. ఇటు పక్క పోతన్న, అటు పక్క ఆయన భార్య కొండలమ్మకి అన్న అయిన లోకనాథం. పోతన్నతో పాటే పాకం చూసి చూసి ఆయన వేళ్ళూ నున్నబడ్డాయి. వాళ్ళు పెనం ఎత్తితే అడుగునున్న నేల ఊపిరి పీల్చుకునేదట. నేల సంగతి ఏమో గానీ, ఎత్తిన ఇద్దరికీ మాత్రం లోపల ఏదో తెగింది. పోతన్నకి కుడి గజ్జల్లో పేగు జారి, నిమ్మకాయంత ఉబ్బు వచ్చింది. ఆయన దాచుకోలేదు, అందరికీ చెప్పాడు. లోకనాథం కూడా పెనం దించాక చెయ్యి గజ్జల మీద పెట్టుకోవడం పోతన్న చూశాడు. అడిగితే, "సీమ కుట్టింది బావా" అన్నాడు. లోకనాథం అలాంటి మనిషి. ఎవరి గడపలోనూ గ్లాసుడు మంచినీళ్ళు అడిగి ఎరగడు. తనకు జబ్బు ఉందని ఒప్పుకోవడం కూడా ఆయన దృష్టిలో చెయ్యి చాచడమే.

పోతన్న కత్తికి భయపడి కొన్నాళ్ళు దాటవేశాడు. చివరికి కొండలమ్మ చెవి మెలేసినంత పని చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. సర్కారు కార్డు మీద ఉచితంగా చేస్తామన్నారు. ఉగాది వెళ్ళిన వారం రమ్మని తేదీ ఇచ్చారు. కబురు చెప్పడానికి ఫోను నంబరు అడిగారు. పోతన్నకి ఫోను లేదు. ఉన్న ఒక్కటీ కిందటి ఏడు పాకంలో పడిపోయింది. ఆ ఏడాది యార్డులో వేలం జరుగుతుంటే ఒక దిమ్మ మోగిందని చూసినవాళ్ళు లేరు గానీ, విన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని ఆయన బావ నంబరు ఇచ్చాడు. ఆ పని ఊళ్ళో ఎవరైనా చేసేదే. బావ నంబరు తన నంబరు కాదని ఎవరనుకుంటారు?

ఆ ఉగాదికే కరోనా వచ్చింది. దేశం తలుపులు వేసుకుంది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ల గదికి తాళం పడింది. మంచాలన్నీ దగ్గేవాళ్ళకి ఇచ్చేశారు. జారిన పేగులు, మసకబారిన కళ్ళు, రాళ్ళున్న కిడ్నీలు అన్నీ ఇంటి దగ్గరే ఉండి కబురు కోసం కాచుకోమన్నారు. పోతన్న నడుముకి బెల్టు బిగించుకుని అరుగు మీద కూర్చున్నాడు. చెరకు మాత్రం ఆగలేదు. సీజను రాగానే గానుగ ఆడింది, పొయ్యి వెలిగింది. పోతన్న చేతిలోని గరిటె లోకనాథం చేతికి వెళ్ళింది.

సంక్రాంతి దాటాక ఒకరోజు లోకనాథం వాకిట్లో నిలబడి ఊరంతటికీ వినబడేలా అరిచాడు. "నాకు పాజిటివొచ్చింది! పాయకరావుపేటలో అమ్మాయి మేడ మీద గది ఖాళీగుంది, అక్కడుండి వత్తాను! ఎవులూ నా దరికి రావద్దు!" ఎవరు వస్తారు? కుక్కలు కూడా పక్క వీధికి వెళ్ళిపోయాయి. పోతన్న మాత్రం విలవిల్లాడిపోయాడు. కొండలమ్మ చేత కోడిగుడ్లు, నిమ్మకాయలు, కొత్త బెల్లం మూటగట్టించి, అటు వెళ్ళే బస్సు డ్రైవరుని బతిమాలి ఎన్నోసార్లు పంపించాడు. బావ బతికితే చాలని ఊరి దేవత మరిడమ్మకి దణ్ణం పెట్టుకున్నాడు.

లోకనాథం తిరిగి వచ్చాడు. కొన్నాళ్ళు బరువులు ముట్టలేదు. "నీరసం" అన్నాడు. ఆ తర్వాత కొత్త కుర్రాడిని జత చేసుకుని పెనం దించడం మొదలుపెట్టాడు. ఈసారి గజ్జల మీద చెయ్యి పెట్టుకోలేదు. సీమలన్నీ ఊరు వదిలిపోయినట్టున్నాయి. కరోనా వచ్చిపోతే ఒళ్ళు ఇలా గట్టిపడుతుంది కాబోలు, తనకి కూడా ఒకసారి వస్తే బాగుండునని అరుగు మీద పోతన్న అనుకున్నాడు.

వేసవిలో రెండోసారి విరుచుకుపడింది జబ్బు. తెరుద్దామనుకున్న ఆపరేషన్ల గదికి మళ్ళీ తాళం. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం పోతన్న దగ్గాడు, అంతే. జారిన పేగు మెలిపడి బిగుసుకుంది. ఉబ్బు రాయిలా అయింది. వాంతులు మొదలయ్యాయి. పేగు ఇరుక్కుంటే లోపల కుళ్ళిపోతుందని, అప్పుడు మనిషి దక్కడని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. ఆటోలో ఎక్కించుకుని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే, కరోనా టెస్టు కాగితం లేనిదే గేటు తియ్యమన్నారు. రెండో చోట గేటు దగ్గర మనిషే లేడు. తిరిగి ఇంటికి తెచ్చి, మంచం కాళ్ళ వైపు రెండు ఇటుకలు పెట్టి ఎత్తు చేసి, తల కిందికి పడుకోబెట్టి, కొండలమ్మ నూనె చేత్తో ఆ ఉబ్బుని కొంచెం కొంచెంగా లోపలికి నొక్కింది. పోతన్న అరిచిన అరుపుకి పెంకుటింటి మీద పావురాలు లేచిపోయాయి. ఎలాగో లోపలికి జారింది. ఆ సేపంతా లోకనాథం మంచం పక్కనే నిలబడి బావ తల పట్టుకున్నాడు. "ఓర్సుకో బావా, ఓర్సుకో. మరిడమ్మ తల్లి సూత్తంది. మన వంతు రాదేటి?" అన్నాడు.

ఆ మాట పోతన్న గుర్తుంచుకున్నాడు. కృతజ్ఞతతో గుర్తుంచుకున్నాడు పాపం.

జబ్బు తగ్గుముఖం పట్టి ఆసుపత్రులు తెరుచుకున్నాక, మరో సంక్రాంతి కూడా దాటాక, కబురు కోసం ఇంక ఆగలేక పోతన్న, కొండలమ్మ బస్సెక్కారు. కార్డుల బల్ల దగ్గర దేవీప్రసాద్ అనే కుర్ర ఉద్యోగి కంప్యూటరు నొక్కి చూసి నవ్వాడు.

"పోతన్నగారూ, మీకు ఆపరేషన్ అయిపోయింది కదండీ! కిందటేడు జనవరిలో. కుడి పక్క."

"ఎవులికి?"

"మీకే."

"బాబూ, అయిపోతే ఇదేటి?" అని పోతన్న పంచె ముడి మీద చెయ్యి వేశాడు.

"అయ్యయ్యో, ఇక్కడొద్దు!" అని దేవీప్రసాద్ కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "ఒకే మనిషికి ఒకే పక్క రెండోసారి చెయ్యాలంటే సిస్టం ఒప్పుకోదండీ. ఏదో పొరపాటైతే అర్జీ పెట్టుకోండి. పైకి వెళ్ళి, తిరిగి రావాలి. టైం పడుతుంది."

వార్డులో ఎవరికైనా గుర్తుంటుందేమోనని ఇద్దరూ మేడెక్కారు. అక్కడ బుల్లమ్మ అనే ఆయా దుప్పట్లు మడతపెడుతోంది. పోతన్న పేరు వినగానే ఆవిడ మొహం విప్పారింది.

"పోతన్నా? మర్సిపోతానేటి! ఉప్మాలో బెల్లం నంజుకుని తినేవోడు. ఇడ్లీలో బెల్లం. ఆకరికి మజ్జిగన్నంలో కూడా బెల్లమే! వార్డంతా నవ్వుకునేవోళ్ళం. ఆడి ఏలిముద్ర మిసను తీసుకోలేదని కిందా మీదా పడ్డారు. ఏళ్ళు సూత్తే నున్నగా గోళీల్లాగుండేవి. అవున్లే, నువ్వాడికి ఏటవుతావు?"

కొండలమ్మ అక్కడున్న ఖాళీ మంచం మీద కూలబడింది. అన్నంలో, కూరలో, చివరికి చేపల పులుసులో కూడా బెల్లం నంజుకునే మనిషి ఆ జిల్లా మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఆవిడ అతనితో కలిసి ఒకే కంచంలో తిని పెరిగింది.

"పాయకరావుపేట మేడ మీద గది," అంది కొండలమ్మ మెల్లగా. "పాజిటివు. ఓలమ్మో... నా కోడిగుడ్లు!"

జరిగిందేమిటో ఊహించడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. రెండు విడతల మధ్య ఆసుపత్రి కొన్నాళ్ళు తలుపు ఓరగా తెరిచింది. ముందు తేదీలున్న వాళ్ళని పిలిచింది. పోతన్నకి రావాల్సిన ఫోను లోకనాథం జేబులో మోగింది. "పోతన్నేనా?" అన్నారు. ఆయన, "ఆఁ, నానే" అన్నాడు. కార్డు సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది కొండలమ్మకి. వ్యాక్సిన్ పేర్లు రాయించాలని కిందటేడు సంక్రాంతి నెలలోనే వదిన పద్మకుమారి వచ్చి అడిగి తీసుకెళ్ళింది. మనుషులందరి మొహాలకీ మాస్కులు. ముద్ర పడని వేళ్ళు ఇద్దరికీ ఒకటే. జారిన పేగు కూడా ఒకే పక్కన. ఇంతకంటే అచ్చమైన పోతన్న ఆసుపత్రికి ఎక్కడ దొరుకుతాడు?

బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ పోతన్న కిటికీ చువ్వ పట్టుకుని కూర్చున్నాడు. తన వంతు పోయినందుకు కాదు ఆయన మండిపోయింది. భయపడ్డ మనిషి తప్పు చేస్తాడు. కానీ బావ ఆ కోతని కడుపులో దాచుకుని, మంచం పక్కన నిలబడి పోతన్న తల పట్టుకుని, "మన వంతు రాదేటి" అన్నాడే, ఆ మాట పేగు కంటే గట్టిగా మెలిపడింది. ఆ నోటితోనే, ఊరందరి ముందూ, 'నీ వంతు నేను మింగేను' అని చెప్పించాలి. అది చెప్పేవరకూ ఆపరేషన్ అయినా తనకి నయం కాదు.

పోలీసులకి చెప్పాలా? కొండలమ్మ ఒప్పుకోలేదు. "టేసనుకెల్తే ఆడు లాయర్ని ఎట్టుకుంటాడు. లాయరొస్తే మాట ఆడి నోట్లోంచి రాదు, లాయరు నోట్లోంచి వత్తాది. నాకు ఆడి నోరే కావాల మావా."

అన్న మీద చెల్లెలికి వచ్చే కోపం ముందు భర్త కోపం చలిమంట లాంటిది. పోతన్న పొయ్యి దగ్గర పెరిగిన మనిషి కాబట్టి ఏ మంటకి ఏది వండాలో తెలుసు. తొందరపడలేదు. పగ కూడా పాకమే, ముందు దింపితే గట్టిపడదు.

ముందు పేగు సంగతి చూడాలి. పోతన్నకి ఆపరేషన్ అయిపోయింది, సర్కారే చెప్పింది. అయితే ఇంకా కాని మనిషి ఎవరు? లోకనాథం. కొండలమ్మ వదిన ఇంటికి వెళ్ళి ఒక చేట పప్పు అడిగింది. మాటల్లో పెట్టి, "మా కార్డులో ఇంటిపేరు తప్పు పడ్డాదే వదినా, మీదాంట్లో ఎలగ రాసేరో సూపించాలంట, అన్నియ్య కార్డు ఓపాలి ఇయ్యి" అంది. తను కూడా అలాగే ఓ కార్డు తెచ్చుకున్న మనిషి కాబట్టి పద్మకుమారి కిక్కురుమనకుండా ఇచ్చేసింది.

ఈసారి దేవీప్రసాద్ సెలవులో ఉన్నాడు. కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. యంత్రం పోతన్న వేలిని ఎప్పటిలాగే కాదంది. కార్డులో ఫొటో పదేళ్ళ కిందటిది, అందులో లోకనాథం కంటే గోడ బాగా పడింది. పోతన్న లోకనాథమై మంచమెక్కాడు. మొహం మీద మాస్కు, మెడ వరకు దుప్పటి. బుల్లమ్మ దగ్గరికి వచ్చి వంగి చూసి, సన్నగా నవ్వింది.

"నాకేటి తెలుసు బాబూ! మాస్కుల్లో అందరూ ఒక్కలాగే ఉంటారు," అని దిండు సర్దింది. "లోకనాతం బాబూ, కత్తి పడేముందు మీ ఊరి దేవతకి మొక్కుకో. ఇక్కడందరూ మొక్కుకునే ఎల్తారు."

నిజమే, అప్పటికే వార్డులో మొక్కుల సంత జరుగుతోంది. పూడిమడక నుంచి వచ్చిన ఒకాయన గంగమ్మకి పడవంత మాట ఇస్తున్నాడు. పోతన్న కూడా చేతులు జోడించాడు. "తల్లీ మరిడమ్మా, పోత..." అనబోయి ఆగిపోయాడు. ఇప్పుడు తను పోతన్న కాడు. మంచానికి కట్టిన అట్ట మీద లోకనాథం అని ఉంది. పోతన్న మాస్కు కింద నోరు తెరుచుకుంది. అరుగు మీద రెండేళ్ళు కూర్చున్నా రాని ఆలోచన అక్కడ, దుప్పటి కింద వచ్చింది.

ఆ ఊళ్ళో మరిడమ్మకి ఒక మొక్కు ఉంది. గండం గడిచిన మనిషి ఒక మంగళవారం కొత్త చేట పట్టుకుని, చెప్పులు లేకుండా, ఊళ్ళో ప్రతి గడపకీ వెళ్ళి నిలబడాలి. తన పేరు చెప్పాలి, తనకి ఏ గండం తప్పిందో చెప్పాలి, గుప్పెడు బియ్యం అడగాలి. ఆ బియ్యం కొత్త బెల్లంతో అమ్మవారి ముందు వండి ఊరందరికీ పెట్టాలి. ఎవరి పేరున మొక్కు పడిందో ఆ మనిషే వెళ్ళాలి, బదులు చెల్లదు. గడప మీద అబద్ధం చెప్పకూడదు, అబద్ధం కలిసిన బియ్యం ఉడకదు.

పోతన్న గొంతు సవరించుకుని వార్డంతా అదిరేలా మొక్కాడు. "తల్లీ మరిడమ్మా! లోకనాతాన్ని నాను! ఈ పేగు కోత నుంచి గట్టెక్కించేవంటే, మా ఊళ్ళో గడప గడపకీ ఎల్లి బియ్యం అడుక్కుంటాను! ఒక్క గడప కూడా ఒగ్గను!"

"ఇంతలా నవ్వుతూ ఆపరేషనుకి ఎల్లేవోడ్ని సూణ్ణేదు," అంది బుల్లమ్మ.

కోత సుఖంగా అయింది. పోతన్న ఇంటికి వచ్చి అరుగు మీద పడుకున్నాడు. ఊరికి అనుమానం రాలేదు. రెండేళ్ళుగా అరుగు మీద పడుకున్న మనిషి మళ్ళీ అరుగు మీద పడుకుంటే అందులో వింతేముంది? నాలుగు రోజులు కనబడలేదేమంటే, గొలుగొండలో చెట్టు మందు తాగి వచ్చాడని కొండలమ్మ చెప్పింది. ఆ తర్వాత ఆవిడ తిన్నగా మరిడమ్మ గుడికి వెళ్ళి, పూజారి దేముడు చెవిన మొక్కు మాట వేసింది. "మా అన్నియ్య ఆసుపత్రిలో మొక్కేడు. వార్డు వార్డంతా విన్నాది."

ఆసుపత్రి తన పని తాను చేసింది. కరోనా రోజుల్లో మానేసినా, ఇప్పుడు మళ్ళీ ఆపరేషనైన రోగిని ఇంటికి వెళ్ళి చూడమని ఊరి నర్సు పావనికి కబురు పంపింది. ఆమె బ్యాగు పట్టుకుని వచ్చింది, పోతన్న ఇంటికి కాదు, కార్డులో ఉన్న ఇంటికి. పొద్దున్నే గానుగకి బయలుదేరబోతున్న లోకనాథాన్ని వాకిట్లోనే ఆపింది. అప్పటికి కొండలమ్మ ఏదో పనున్నట్టు అక్కడే ఉంది. ఇంకో పది మంది ఆడవాళ్ళకి కూడా ఆ వేళ ఆ వీధిలోనే పనులు తగిలాయి. కుట్లు లాగుతున్నా పోతన్న కూడా కర్ర ఊతంతో వచ్చి ఎదురింటి గట్టు మీద చేరాడు.

"లోకనాథం మావయ్యా, కుట్లు ఎలా ఉన్నాయి? నడుస్తున్నారేంటి అప్పుడే?"

"ఏ కుట్లు?"

"పేగు ఆపరేషన్ చేయించుకున్నారు కదా, పెద్దాసుపత్రిలో. సిగ్గెందుకు? చొక్కా ఎత్తండి, చూడాలి."

"నాకే ఆపరేషనూ అవనేదు!"

"అవనేదా అన్నియ్యా?" అంది కొండలమ్మ. "మరి సూపించు. మచ్చ నేకపోతే అమ్మాయే ఎల్లిపోద్ది."

లోకనాథం రెండు చేతులతో పంచె ముడి బిగించి పట్టుకున్నాడు. పట్టుకున్న తీరు చూస్తేనే మచ్చ ఉందని పసిపిల్లలకి కూడా అర్థమైపోతుంది. పావని నవ్వుతూ, డ్యూటీ చేసే మనిషి చొరవతో చొక్కా అంచు కొంచెం పైకెత్తి చూసింది. కళ్ళు పెద్దవి చేసుకుంది.

"అబ్బ! ఎంత బాగా మానిపోయింది మావయ్యా! ఏడాది కిందటి మచ్చలా ఉంది. అమ్మవారి దయ అంటే ఇదే!"

ఆపరేషన్ కాలేదంటే మచ్చ ఎక్కడిది? కిందటేడు అయిందంటే, ఏ పేరు మీద అయింది? సొంత ఒంటి మీద సొంత మచ్చ ఆయనకి ఎదురు సాక్ష్యం చెబుతోంది. ఎదురింటి గట్టు మీద పోతన్నని చూశాడు. చూసిన క్షణంలో అంతా అర్థమైంది.

"అయ్యిందిలే," అన్నాడు గొణుగుతూ. "సెప్పుకోవడం ఎందుకని..."

"అయితే మొక్కు కూడా నిజమే," అన్నాడు అప్పుడే వచ్చిన దేముడు. "మంగళారం సేట కొనుక్కో లోకనాతం. అమ్మవారికి బాకీ ఉండకూడదు."

"మొక్కా?"

"గడప గడపకీ అని మొక్కేవంట కదా. ఒక్కటి కూడా ఒగ్గనన్నావంట."

మొక్కు నాది కాదంటే, ఆసుపత్రిలో పడుకున్నది నేను కాదనాలి. నేను కాదంటే, మచ్చ సంగతి చెప్పాలి. బెల్లంలో పడిన చీమ ఎటు కదిలినా ఇంకా లోపలికే పోతుంది. లోకనాథం తల ఊపాడు.

మంగళవారం వచ్చింది. ఎవరి గడపలోనూ మంచినీళ్ళు అడగని లోకనాథం కొత్త చేట పట్టుకుని, ఒట్టి కాళ్ళతో మొదటి ఇంటి ముందు నిలబడ్డాడు. వెనకాల దేముడు, ఆ వెనక ఊరు సగం. మొదటి మాట చేటలోకి చూస్తూ అన్నాడు.

"లోకనాతాన్ని. పేగు ఆపరేసను గండం గడిసింది. గుప్పుడు బియ్యం ఎయ్యండమ్మా."

"ఏటీ, వినబళ్ళేదు!" అన్నారు వెనక నుంచి.

ప్రతి గడప దగ్గరా అదే మాట, ప్రతి గడప దగ్గరా ఇంకొంచెం వంగిన మెడ. చేట నిండుతున్నకొద్దీ ఆయన మొహం పాలిపోయింది. పేగు ఆపరేషన్ జరిగిన మాట నిజమే, కానీ అది జరిగింది పోతన్న పేరున అని అమ్మవారికి, ఆయనకి తెలుసు. అబద్ధం కలిసిన బియ్యం ఉడకదన్నది ఊళ్ళో అందరికంటే గట్టిగా నమ్మేది వంట చేసే మనిషే.

పోతన్న ఇల్లు వచ్చింది. పోతన్న అరుగు మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. కొండలమ్మ గడపలో నిలబడింది, చేతిలో గుప్పెడు బియ్యం. లోకనాథం చేట చాపాడు. అడగలేదు.

"ఎవులు నువ్వు?" అంది చెల్లెలు.

"కొండా, నువ్వు కూడానేటి..."

"మొక్కు మొక్కే. ఎవులు నువ్వు?"

"లోకనాతాన్ని."

"ఏ గండం గడిసింది బావా?" అన్నాడు పోతన్న. గొంతు మెత్తగానే ఉంది. "సెప్పు. నా తల పట్టుకుని నువ్వు నిలబడ్డ రోజు గడిసిన గండమా, అంతకు ముందరే గడిసిందా?"

లోకనాథం చేటలోని బియ్యం వైపు చూశాడు.

"నీ గండం బావా," అన్నాడు చివరికి. "నీ ఫోను నాకొచ్చింది. నానే పోతన్నననేసేను. నీ పేరు మీద కోయించుకున్నాను. నీ వంతు నానే మింగేను."

"వినబళ్ళేదు."

"నీ వంతు నానే మింగేసేను!"

ఈసారి శారదా నది అవతలి ఒడ్డున దుక్కి దున్నుతున్న ఎడ్లు కూడా ఆగాయని అంటారు. ముందు ఊరంతా గుసగుసలాడింది, తర్వాత ఒక్కసారిగా భగ్గుమంది. "కోడిగుడ్లు తిన్నావురా!" అని ఎవరో అన్నారు. లోకనాథానికి రోషం వచ్చింది. ఇంక పోవడానికి ఏముంది గనక?

"అయితే ఇదీ వినండి! ఏటి పోతన్నా, నా పేరు మీద కోయించుకుందెవులు? ఆ మొక్కు మొక్కింది నువ్వు! నా మొక్కు కాదిది! ఇదిగో నీ సేట!"

అందరూ దేముడి వైపు తిరిగారు. దేముడు గడ్డం గోక్కున్నాడు. ఆయనకి కూడా పోతన్న బెల్లం అంటే ఇష్టం. పైగా రెండేళ్ళుగా గుడి మూసుంచి, తీర్పు చెప్పే అవకాశం దొరక్క మొహం వాచి ఉన్నాడు.

"ఆడి పేరుతో నువ్వు కోయించుకున్నావు, నీ పేరుతో ఆడు మొక్కేడు. సెల్లుకి సెల్లు. అమ్మోరికి మనిసి మొహం తెలీదు, ఆవిడ కాడికి మాస్కు కట్టుకునే అందరూ ఎల్తన్నారు. పేరే తెలుసు. పేరు నీది," అన్నాడు. తర్వాత చేటలో చెయ్యి పెట్టి బియ్యం కదిపి చూశాడు. "కానీ ఈ బియ్యం పనికిరావు. అన్నీ అబద్దం మీద పడ్డాయి. ఎవుళ్ళవి ఆళ్ళకి తిరిగిచ్చి, మళ్ళీ మొదటి గడప కాడి నుంచి మొదలెట్టు. ఈసారి నిజం సెప్పి అడుగు."

"అన్ని గడపలా?"

"ఒక్కటి కూడా ఒగ్గనని కదా మొక్కు."

కొండలమ్మ చేతిలోని గుప్పెడు బియ్యాన్ని అన్న భుజం మీది తువ్వాలు కొంగులో పోసి ముడివేసింది. "ఇది నిజానికి పడిన బియ్యం. ఏరేగా ఉంచుకో. కలిపేవంటే సూడు," అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి, జాలి మాత్రం లేదు.

లోకనాథం చేట తలకెత్తుకుని వెనక్కి తిరిగాడు. ఇప్పుడు సగం ఊరు కాదు, ఊరు ఊరంతా వెంట నడిచింది. పోతన్న గోడ పట్టుకుని లేచాడు.

"ఎక్కడికి మావా? కుట్లు పచ్చిగున్నాయి, పడుకో!"

"రోజూ కొంచెం నడవమన్నాడే డాక్టరు," అన్నాడు పోతన్న. ఒక చేత్తో కుట్లు అదిమిపట్టుకుని, రెండో చేత్తో కర్ర ఊతంగా పట్టుకుని, నవ్వు వస్తే నొప్పి పెడుతుందని మొహం బిగించి, మొదటి ఇంటి దాకా నిదానంగా నడిచాడు. అక్కడ గడపలో ఆ ఇంటి ముసలమ్మ నిలబడి ఉంది. లోకనాథం తల వంచుకుని పెదవులు కదుపుతున్నాడు.

"గట్టిగా సెప్పు బావా," అన్నాడు పోతన్న వెనక నుంచి. "ఈవిడికి సెవుడు."